నెమో చేప కావాలంటున్నాడు మావాడు, ఏం చేయను?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. మా బాబుకి ఆరేళ్లు. పోయిన వారం వాడికి 2003 నాటి ‘ఫైండింగ్ నెమో’ చూపించాను. అంతే, అప్పట్నుంచి ఆ నారింజ రంగు, తెల్ల చారల చేప కావాలని ఒకటే గొడవ. ఆ సినిమాలో నాన్న చేప సముద్రమంతా గాలించేది తొట్టెలో ఇరుక్కున్న కొడుకు కోసమే కదా. వీడేమో ఆ తొట్టే కొనమంటాడు! చెప్తే వింటేగా. నిన్న రుషికొండ బీచ్ నుంచి వాటర్ బాటిల్ నిండా సముద్రపు నీళ్లు తెచ్చాడు, అడుగున రెండంగుళాల ఇసుకతో సహా. అది ఇప్పుడు మా ఫ్రిజ్ పక్కనే ఉంది.

షాపులో అడిగితే ‘మామూలు తొట్టెలో వేసేయండి’ అన్నారు. క్లౌన్‌ఫిష్, అదే నెమో చేప, ఉప్పునీళ్ల చేప కదా, అందుకే షాపువాళ్ల మాట నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టె పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: బీచ్ నీళ్లు వాడొచ్చా, లేక విడిగా ఉప్పు కొని కలపాలా? నెలకి ఎంతవుతుంది? మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే చేప తట్టుకుంటుందా? నాకు అదే టెన్షన్.

తొట్టె కాకుండా వాడిని మరిపించే దారి ఉన్నా చెప్పండి. ఇక్కడ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ మాత్రం వద్దు. తీసుకెళ్లాను, చేపలు చూడ్డానికి కిటికీ ఏదని లోపలే ఏడుపు.