పథ్యం తప్పిన మర్నాడు పస్తు ఉండాలా, మామూలుగా తినాలా?

హొరమావు వాసి:
అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు, పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం. మూడేళ్ళ క్రితం షుగర్ బయటపడింది. అప్పుడు మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 8.9 ఉంది. కిందటి ఏడాది జూన్ నుంచి గట్టిగా నోరు కట్టుకున్నాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె, పొద్దున అరగంట నడక, సాయంత్రం ఆఫీసులో బజ్జీలు, సమోసాలు బంద్. 91 కిలోల నుంచి 82కి వచ్చాను. సగటు 6.8కి దిగింది.

ఈ మూడు వారాల్లో అంతా పాడైంది. బావమరిది వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొన్నాడు, గృహప్రవేశం. నెల్లూరు నుంచి వంటవాళ్ళను పిలిపించారు. ముద్దపప్పు, పులిహోర, పూర్ణాలు, కొసరి కొసరి వడ్డించారు, నేనూ వద్దనలేదు. ఆ పూటతో ఆగలేదు. చుట్టాలు వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన అరిసెలు రోజుకు రెండు చొప్పున నేనే తిన్నాను. ఇప్పుడు బరువు 84.5. పరగడుపున 110, 115 చూపించే మీటరు నిన్న 161 చూపించింది.

బాగా తిన్న రోజు మర్నాడు పస్తు ఉంటున్నాను. మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, అంతే. ఇప్పటికి మూడుసార్లు అలా చేశాను. మా ఆవిడ అదే మంచిదంటుంది. ఆఫీసులో స్నేహితుడు మాత్రం పస్తులొద్దు, మామూలు పథ్యానికి వచ్చెయ్ అంటాడు. ఎవరి మాట వినాలి? నిజంగా భయంగా ఉంది. మా నాన్నకు షుగర్ వల్లే కాలి వేలు తీసేశారు.

ఏకాదశి:
మీ ఆవిడ చెప్పిందే సరైన మాట. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదు. నాకు 58 ఏళ్ళు, షుగర్ వచ్చి పన్నెండేళ్ళు. మల్లేశ్వరంలో ఉంటాం. నెలకు రెండు ఏకాదశులూ ఉపవాసం, ఎక్కడైనా విందు తింటే మర్నాడు కూడా ఉపవాసమే. 74 కిలోల నుంచి 66కి వచ్చి నాలుగేళ్ళయింది, కిలో అటూ ఇటూ అక్కడే ఉన్నాను.

‘ఒక్క రోజే కదా’ అనే మాట ఎంత ప్రమాదమో మన పంచాంగం చూస్తే తెలుస్తుంది. శ్రావణ శుక్రవారాలు, చవితి ఉండ్రాళ్ళు, దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, ధనుర్మాసం పొంగలి, సంక్రాంతి అరిసెలు, ఉగాది బొబ్బట్లు. మధ్యలో పెళ్ళిళ్ళు, బారసాలలు. ఆఫీసులో ఎవరిదో ఒకరిది పుట్టినరోజు కేకు. ఒక ఏడాది నేను డైరీలో రాసిపెట్టుకుంటే అలాంటి ‘ఒక్క రోజులు’ 63 తేలాయి. ఏ రోజు లెక్క ఆ మర్నాడే తీర్చెయ్యకపోతే అప్పు పేరుకున్నట్టు పేరుకుంటుంది.

మందుల షాపు:
హొరమావు గారూ, జయనగర్‌లో మందుల షాపు నడుపుతాను, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీకు ఎవరు ఏ సలహా ఇచ్చినా ముందు ఒక్క విషయం చెప్పండి. మీరు వేసుకునే మాత్రలేంటి? స్ట్రిప్ వెనక రాసున్న పేరు చూసి చెప్పండి, కంపెనీ పేరు కాదు. పస్తు రోజుల్లో ఒంట్లో ఎలా ఉందో కూడా చెప్పండి.

హొరమావు వాసి:
గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

ఒంటి సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. రెండోసారి పస్తున్న రోజు సాయంత్రం కంపెనీ బస్సులో వస్తుంటే బెళ్ళందూరు దాటాక చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, గుండె దడ. పక్క సీటులో ఉన్నావిడ బిస్కెట్లు ఇస్తే ప్యాకెట్ మొత్తం తిన్నాను. ఇంటికి రాగానే ఆకలికి ఆగలేక రెండు పళ్ళాల అన్నం తిన్నాను. పస్తువల్ల నీరసం అనుకున్నాను. మీటరు ఇంట్లో ఉండిపోయింది, చూసుకోలేదు.

మందుల షాపు:
అది నీరసం కాదండీ. మీరు చెప్పినవన్నీ షుగర్ పడిపోయిన లక్షణాలు.

మీ మాత్రలో రెండు మందులున్నాయి, రెండింటి పనీ వేరు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే గ్లూకోజుని తగ్గిస్తుంది. అదొక్కటే వేసుకునేవాళ్ళకు షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. అది క్లోమాన్ని ఇన్సులిన్ వదలమని ఒత్తిడి చేస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది దానికి పట్టదు. పొద్దున మాత్ర వేసుకుని రోజంతా మజ్జిగ మీద ఉంటే ఆ ఇన్సులిన్ దేని మీద పనిచెయ్యాలి? ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకూ ఇదే ప్రమాదం. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్ళు పస్తులుంటే ఇంకో రకం ఇబ్బంది. మీటరులో షుగర్ పెద్దగా లేకపోయినా రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగి ఆస్పత్రి పాలు కావచ్చు.

ఏకాదశి గారు ఏ మాత్ర వేసుకుంటారో తెలియదు కానీ, ఆయనకు పనికొచ్చిన పస్తు మీకు పనికిరాదు. అలాగని మాత్ర మీ అంతట మీరు మానెయ్యకండి, ఈ వారంలోనే డాక్టరుగారికి బస్సులో జరిగింది చెప్పండి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగడమో, అర గ్లాసు పళ్ళరసం తాగడమో చెయ్యండి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోండి, అప్పటికీ పెరగకపోతే మళ్ళీ తాగాలి. బిస్కెట్లలో కొవ్వు ఉంటుంది, ఆ సమయానికి అంత త్వరగా పనిచెయ్యవు. మీటరు బ్యాగులో ఉండాలి, ఇంట్లో కాదు.

రాగి సంగటి:
హొరమావు అన్నా, మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ రెండు పళ్ళాల అన్నం. మాత్రల సంగతి పక్కన పెట్టినా పస్తు మిమ్మల్ని తీసుకెళ్ళేది అక్కడికే. పగలంతా కడుపు మాడ్చుకున్నవాళ్ళు రాత్రి కొలత పెట్టుకుని తినలేరు. తర్వాత మళ్ళీ తప్పు చేశామనిపిస్తుంది, మళ్ళీ పస్తు. మూడుసార్లు చేశానని మీరే అన్నారు.

నాకు 39. బాణసవాడిలో ఉంటాం. రెండేళ్ళ క్రితం 14 కిలోలు తగ్గి, అందులో 6 తిరిగి పెరిగాను. నా కథ మా పిన్ని కూతురి పెళ్ళితో మొదలైంది, మూడు రోజుల పెళ్ళి. కానీ నన్ను ముంచింది ఆ మూడు రోజులు కాదు. పెళ్ళి నుంచి వచ్చాక వేలు గుచ్చుకుని చూసుకోవడానికి భయం వేసింది. ఎంత చూపిస్తుందో అని మీటరు బీరువాలో పెట్టేశాను. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమంటారో అని ఆ నెల వెళ్ళలేదు, పై నెల కూడా వెళ్ళలేదు. చెడింది ఎలాగూ చెడింది కదా అని ఆఫీసు కింద హోటల్లో రోజూ కేసరిబాత్, సెట్ దోసె. నాలుగు నెలల తర్వాత సగటు చూపించుకుంటే 9.4. మూడు రోజుల పెళ్ళి భోజనానికి అంత కాలేదు, నాలుగు నెలలు మొహం తిప్పుకున్నందుకు అయింది.

ఇప్పుడు నేను పాటించేది చెబుతాను. విందు తిన్న రాత్రి పడుకునే ముందు షుగర్ చూసుకుని నోటుబుక్కులో రాస్తాను, ఎంత ఉన్నా సరే. మర్నాడు పొద్దున రోజూ తినేదే తింటాను, రెండు పెసరట్లు, ఉప్మా లేకుండా. తక్కువా తినను, ఎక్కువా తినను. భోజనం అయిన వెంటనే పావుగంట నడుస్తాను.

ఇంకో మాట. మూడు వారాల్లో పెరిగిన రెండున్నర కిలోలూ కొవ్వే కావాలంటే మామూలు తిండి మీద 19 వేల క్యాలరీల దాకా అదనంగా తినాలి, ఎందుకంటే కిలో కొవ్వుకి 7,700 క్యాలరీలు లెక్క. అన్నం, తీపి ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో పిండిపదార్థం నిలవ చేరుతుంది, దానికి గ్రాముకు మూడు గ్రాముల చొప్పున నీళ్ళు పడతాయి. పచ్చళ్ళ ఉప్పు వేరే. కాబట్టి అందులో కొంత నీళ్ళే. పథ్యంలోకి వస్తే వారంలో కొంత దానంతటదే దిగుతుంది. కాటా చూసి కంగారు పడకండి.

ఏకాదశి:
గ్లిమెపిరైడ్ విషయం నాకు తట్టలేదు. నాది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. హొరమావు గారూ, మొదటి రోజే మాత్ర పేరు అడగకుండా పస్తుండమని చెప్పడం నా పొరపాటు. మందుల షాపు వారికి కృతజ్ఞతలు.

కానీ రాగి సంగటి గారితో నేను ఏకీభవించను. కంగారు పడొద్దు, కొంత నీళ్ళే, దానంతటదే దిగుతుంది అంటే వినడానికి హాయిగా ఉంటుంది. మూడు నెలల సగటులో సుమారు సగం వాటా ఆఖరి నెలదే. అంటే ఈయన తిన్న మూడు వారాలు రిపోర్టులో బరువుగానే కనిపిస్తాయి. ఆ మాత్రం కంగారు పడబట్టే ఇక్కడికొచ్చి అడిగారు. మెత్తగా తీసుకుంటే రేపు ఇంకో గృహప్రవేశం వస్తుంది.

రాగి సంగటి:
మెత్తగా తీసుకోమనలేదండీ. రోజూ చూసుకోమన్నాను, రాయమన్నాను. నాకు అది పస్తుకన్నా కష్టం. పస్తుంటే శిక్ష అనుభవించేశాం, లెక్క తీరిపోయింది అనిపిస్తుంది. 240 అని సొంత చేత్తో రాసుకోవడంలో ఆ ఓదార్పు లేదు.

అశోక్‌నగర్ చెన్నై:
మా అమ్మకు 68, ముప్ఫై ఏళ్ళ షుగర్. మీరు పస్తా, పథ్యమా అని మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో అసలు గొడవ అది కాదు. అమ్మ స్వీటు తింటే నేనూ మా అన్నయ్యా అరిచేవాళ్ళం. ‘ఇంత చెప్పినా నీకు బుద్ధి లేదా’ అని కన్నతల్లిని అన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. దాంతో ఆవిడ మానెయ్యలేదు, దాచడం మొదలుపెట్టింది. బియ్యం డబ్బాలో మైసూర్‌పాకు దొరికింది. రీడింగుల పుస్తకంలో 140, 138 అని ఊహించి రాసింది. ఒకరోజు నేను పక్కన కూర్చుని చూస్తే 290.

అమ్మకు విడిగా పథ్యం వండటం మానేశాం. ఇప్పుడు అందరికీ ఒకటే వంట. పళ్ళెంలో సగం కూర, ఒక గరిటె అన్నం, పప్పు. పండగనాడు అమ్మ ఒక బూరె అందరి ముందే తింటుంది. రాత్రి రీడింగ్ నేను అడగను, ఆవిడే చెబుతుంది.

ఇక్కడ చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. పదే పదే మాట్లాడుతూ తిండి, నడక మార్పించిన వాళ్ళలో షుగర్ రావడం దాదాపు 28 శాతం తగ్గింది. నాకు అందులో నచ్చింది ఆ పదే పదే మాట్లాడటమే.

ఐటీపీఎల్ రోడ్డు:
పస్తా కాదా అన్నదానికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక అధ్యయనం, ఏడాది ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్ళ లోపున్నవాళ్ళకు కొన్ని నెలలు రోజుకు సుమారు 830 క్యాలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది.

బరువు తిరిగి పెరుగుతుందని వాళ్ళు ముందే అనుకున్నారు. రెండు కిలోలు దాటి పెరిగితే రోజులో కొన్ని పూటలు మళ్ళీ ఆ ద్రవాహారం, నాలుగు దాటితే కొన్ని వారాలు పూర్తిగా అదే. పథ్యం తప్పడం అందులో ఒక అంకం, దానికి ముందే దారి రాసిపెట్టారు.

ఏకాదశి:
చూశారా, అక్కడా కఠినమే కదా!

ఐటీపీఎల్ రోడ్డు:
కఠినమే, కాదనను. కానీ ఒక విందు తిన్న మర్నాడు కాదు, రెండు కిలోల గీత దాటాకే. పైగా ఆ ఆహారం మొదలుపెట్టిన రోజే షుగర్ మాత్రలు ఆపేశారు, వైద్యసిబ్బంది చూస్తూ ఉన్నారు. అది గ్లిమెపిరైడ్ వేసుకుని బస్సెక్కడం లాంటిది కాదండీ.

మందుల షాపు:
ఈ మాట నేను షాపులో ఒక కాగితం మీద రాసి అంటిస్తాను.

హొరమావు వాసి:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. గురువారం డాక్టరుగారిని కలిశాను. బస్సులో జరిగింది చెబితే ముందే ఎందుకు చెప్పలేదన్నారు. రాత్రి మాత్ర మార్చి ఒట్టి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. ఉదయం మాత్ర అలాగే ఉంచి, అది వేసుకున్నాక టిఫిన్ మానొద్దని గట్టిగా చెప్పారు. గీత విషయం కూడా అడిగాను. దిగాక మళ్ళీ 84 దాటితే ఫోన్ చెయ్యమన్నారు, నాకు నేను ఏమీ మార్చుకోవద్దన్నారు.

అశోక్‌నగర్ వారి మాట చదివి మా ఆవిడకు చూపించాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మిగిలిన అరిసెల డబ్బా తీసి వాచ్‌మన్ పిల్లలకు ఇచ్చేసింది.

ఆదివారం యలహంకలో మేనల్లుడి ఒడుగు ఉంది. ముందు కూర, పప్పు తిని తర్వాత ఒక గరిటె అన్నం, ఒక బూరె, ఆపైన మండపం చుట్టూ నడక అనుకుంటున్నాను.

ఏకాదశి:
నేను అక్కడుంటే బూరె కూడా తిననివ్వను. వడ్డించేవాళ్ళ దగ్గర ఒకటి అనేది ఉండదు, నా అనుభవం అది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టుకోండి.

హొరమావు వాసి:
చెయ్యి అడ్డం పెట్టాను. అయినా రెండు బూరెలు తిన్నాను. రెండోది మా అక్క చేత్తో నోటికి అందించింది, కాదనలేకపోయాను. ఇరవై నిమిషాలు నడిచాను. రెండు గంటల తర్వాత 204, రాసిపెట్టాను. సోమవారం పొద్దున 138. రెండు జొన్నరొట్టెలు, బీరకాయ కూర తిని ఆఫీసుకు వచ్చాను. బరువు 83.6.

రాగి సంగటి:
మీటరు బ్యాగులో ఉందా?

హొరమావు వాసి:
ఉందమ్మా. చక్కెర పొట్లం కూడా ఉంది.