పిల్లల కార్టూన్ మీద అల్లిన కథలు పెద్దవాళ్ళు చదువుకుంటే తప్పేముంది?

బురుజు కింద (కర్నూలు):
సూటిగా అడుగుతున్నా. ఛోటా భీమ్ మీద అభిమానులు రాసుకునే కథలు, అదే ఫ్యాన్ ఫిక్షన్, నేను చదువుతాను. ముప్పై దాటాయి, ఉద్యోగం ఉంది, పెళ్ళయింది, ఒక పాప. మొన్న మా బావమరిది నా ఫోన్‌లో చూసి ఇల్లంతా చాటింపు వేశాడు, అప్పట్నుంచి అత్తగారింట్లో నా పేరు 'ఢోలక్‌పూర్ అల్లుడు', ఢోలక్‌పూర్ అంటే భీమ్ వాళ్ళ ఊరు. నవ్వుకుంటే నవ్వుకోనీ. కానీ మా వదిన మాత్రం నవ్వకుండా, "పసిపిల్లల బొమ్మల్ని పెద్దోళ్ళు పట్టుకుని కెలకడం ఏం బుద్ధి" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఇప్పుడు నేను చదువుతున్న కథలో అందరూ పెద్దవాళ్ళయిపోయారు. భీమ్ ఊళ్ళో లేడు. లడ్డూలమ్మే టున్‌టున్ మౌసికి, అదే చుట్కీ వాళ్ళమ్మకి, చూపు ఆనడం లేదు, లడ్డూల కొట్టు నేడో రేపో మూతపడేట్టు ఉంది. లెక్కలు చూసిపెట్టడానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు, కాలియా. కార్టూన్‌లో ఎప్పుడూ తన్నులు తిని నవ్వులపాలయ్యే కాలియానే. పాత ఖాతా పుస్తకం తీస్తే భీమ్ పేరు కింద పేజీలకు పేజీలు లడ్డూలు రాసి ఉంటాయి, ఒక్కదానికీ డబ్బు జమ కాలేదు. కాలియా పేరు పక్కన మాత్రం ప్రతిదానికీ 'ముట్టింది' అని ఉంటుంది. వాడు ఎవరినీ ఏమీ అనడు, పెన్ను తీసి భీమ్ ఖాతా కింద అడ్డంగా గీత కొట్టి 'చెల్లు' అని రాసి పుస్తకం మూసేస్తాడు. దీని కింద కామెంట్లలో పెద్ద యుద్ధమే జరిగింది, ఊరిని కాపాడినవాడి దగ్గర లడ్డూకి డబ్బులు అడుగుతారా అని ఒకరు, అడగాల్సిందే అని ఇంకొకరు. నాకు ఇది మంచి కథ అనిపించింది. ఇందులో కెలికింది ఏముందో చెప్పండి.

కడప టీచరమ్మ:
కథ బాగుంది తమ్ముడూ, కాదనను. కానీ నా బాధ వేరు. మా బళ్ళో రెండో తరగతి పిల్లలకి రాయడం సరిగా రాకపోయినా ఫోన్ దగ్గరికి నోరు పెట్టి 'ఛోటా భీమ్' అనడం వచ్చు. ఆ పేరు పెట్టి ఎవరు ఏం రాసినా, ఏం తీసినా వాళ్ళ ముందుకే వస్తుంది. 2017లో ఏమైందో గుర్తుందా? ఎల్సా, స్పైడర్‌మ్యాన్, పెప్పా పిగ్ బొమ్మలు పెట్టి సూదులు, రక్తం, ఏడుపులతో వీడియోలు చేసి పిల్లల మీదికి వదిలారు, పెద్ద గొడవయ్యాక యూట్యూబ్ కొన్ని ఛానళ్ళు తీసేసింది. అప్పుడు కూడా 'సరదాకి చేశాం' అన్నవాళ్ళు ఉన్నారు.

ఇంకోటి. 2020లో భీమ్ తన స్నేహితురాలు చుట్కీని కాదని యువరాణి ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడని ట్విట్టర్‌లో వయసొచ్చినవాళ్ళు 'చుట్కీకి న్యాయం' అని గోల చేశారు. చివరికి కార్టూన్ తీసే కంపెనీనే ముందుకొచ్చి, వాళ్ళింకా చిన్నపిల్లలు, పెళ్ళీ గిళ్ళీ ఏమీ కాలేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్లాడి పెళ్ళి గురించి పెద్దవాళ్ళు కొట్టుకోవడం మీకు మామూలుగా అనిపిస్తుందేమో, నాకు అనిపించదు.

ఉగ్గాని బజ్జీ (అనంతపురం):
టీచరమ్మా, ఆ గోలలో నేనూ ఉన్నా. లాక్‌డౌన్, పని లేదు, చుట్కీ తప్ప దిక్కు లేదు.

తెర వెనక దీపం (ధర్మవరం):
మాది నిమ్మలకుంట పక్క పల్లె. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు విచిత్రంగా ఉంది. రామాయణం ఆడుతుంటారు, లంకలో రావణుడి సభ ముగుస్తుంది, ఆ వెంటనే తెర మీదికి జుట్టుపోలిగాడు, బంగారక్క దూకుతారు. మొగుడూ పెళ్ళాల కొట్లాట, కరెంటు బిల్లు, సర్పంచి మీద ఎత్తిపొడుపు, మధ్యలో కాస్త పచ్చిగా ఉండే జోకులు. వాల్మీకి రామాయణంలో వీళ్ళు ఎక్కడున్నారు సామీ? ఎక్కడా లేరు. కానీ ఆటలో వాళ్ళు లేకపోతే మా అవ్వ మధ్యలోనే లేచి ఇంటికి పోయేది.

శశిరేఖ సంగతి తీసుకోండి. వ్యాసుడి భారతంలో అభిమన్యుడి పెళ్ళాం ఉత్తర. బలరాముడికి శశిరేఖ అని కూతురుందనీ, ఘటోత్కచుడు మాయ చేసి పెళ్ళి చేయించాడనీ అందులో లేదు, మన జనం అల్లుకున్నారు. 1957లో మాయాబజార్ వచ్చాక ఇంక ఎవరు నమ్మకుండా ఉంటారు? అసలు ఛోటా భీమ్ ఎవరు మరి? భారతంలో భీముడి పేరు, బలం, తిండి తీసుకుని పంచె కట్టి ఢోలక్‌పూర్‌లో దించారు. అది హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి చేస్తే కార్టూన్, మనోడు ఫోన్‌లో రాస్తే కెలకడం, ఇదెక్కడి న్యాయం?

కడప టీచరమ్మ:
తోలుబొమ్మలాటకి పిల్లలు ఒంటరిగా రారు అన్నా. పచ్చి జోకు వచ్చినప్పుడు పక్కన అవ్వ ఉంటుంది, చెవులు మూస్తుందో, తనే నవ్వుతుందో, మొత్తానికి మనిషి ఉంటుంది. ఫోన్ దగ్గర ఎవరున్నారు? మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, ఈ ఒక్కదానికి సమాధానం చెప్పండి.

నల్లకోటు (అనంతపురం):
టీచరమ్మగారి ప్రశ్నకి సమాధానం కాదు గానీ, 'కంపెనీ చేస్తే ఒకటి, మనం చేస్తే ఒకటా' అన్నదానికి చెప్తా. భారతం ఎవరి సొత్తూ కాదు, భీమ్ బొమ్మ మాత్రం కంపెనీ సొత్తు. మన కాపీరైట్ చట్టం 1957ది. ఒక రచనని మార్చి రాసుకునే హక్కు కూడా యజమానిదే అని 14వ సెక్షన్, సొంత వాడకానికి, విమర్శకి కొంత సడలింపు అని 52వ సెక్షన్. అభిమానుల కథలని పేరు పెట్టి అందులో ఎక్కడా రాయలేదు. అందుకే అందరూ ఒక రాసుకోని ఒప్పందం మీద బతుకుతున్నారు, డబ్బు చేసుకోనంతవరకు కంపెనీలు చూసీ చూడనట్టు పోతాయి.

జపాన్ బొమ్మల కథలో రోబో పిల్లి డోరేమాన్ విషయం చూడండి. దాన్ని సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో పోయారు, కథకి ఇదే చివరిదని తేల్చిన ముగింపు లేదు. జపాన్‌లో ఒక అభిమాని తనే చివరి భాగం గీసి పుస్తకం వేసి అమ్మాడు. అందులో బ్యాటరీ అయిపోయి డోరేమాన్ ఆగిపోతుంది, దాని నేస్తం, చదువు రాని మొద్దు నోబిత దానికోసమే పడీపడీ చదివి రోబో ఇంజనీర్ అయ్యి మళ్ళీ లేపుతాడు. చదివినవాళ్ళు ఏడ్చారు, చాలామంది ఇదే అసలు ముగింపు అనుకున్నారు కూడా. అక్కడే చిక్కొచ్చింది. ప్రచురణకర్తలు పట్టుకున్నారు, 2007లో అతను క్షమాపణ చెప్పి వచ్చిన డబ్బులో కొంత కట్టాల్సి వచ్చింది. అతను ఊరికే నెట్‌లో పెట్టి ఊరుకుని ఉంటే అంతదాకా వచ్చేది కాదని నా ఉద్దేశం.

మోడరేటర్:
ఒక మాట. పిల్లల పాత్రలతో అసభ్యంగా రాసినవాటి లింకులు, వాటిని వెనకేసుకొచ్చే పోస్టులు ఇక్కడ ఉండవు. దాని మీద చర్చ లేదు. మిగతాది కానివ్వండి.

పసుపు రంగు డైరీ (ప్రొద్దుటూరు):
చదివేవాళ్ళే మాట్లాడుతున్నారు, నేను రాసేదాన్ని. డిగ్రీలో ఉన్నప్పుడు మొదలుపెట్టా. సొంత కథ రాద్దామని కూర్చుంటే ఊరు ఎట్లా ఉంటుంది, వీడు ఎవరు, వాళ్ళ నాయన ఏం చేస్తాడు అని చెప్పుకుంటూ పోయేసరికి నాకే విసుగొచ్చేది. ఇక్కడ భీమ్ నేస్తం కోతి గురించి 'జగ్గూ చెట్టు దిగలేదు' అని ఒక్క వాక్యం రాస్తే చాలు, ఏదో జరిగిందని చదివేవాళ్ళకి అర్థమైపోతుంది, నేరుగా అసలు విషయంలోకి పోవచ్చు. డబ్బింగ్ తెలుగులో మాట్లాడే రాజూ, అదే భీమ్ జట్టులో చిన్నోడి చేత నేను 'యాడికి పోతాండావ్ భీమన్నా' అనిపించా, దానికి వచ్చినన్ని మెసేజ్‌లు నా ఏ కథకీ రాలేదు. టీవీలో మన మాట ఎప్పుడు వినిపించింది, ఫ్యాక్షన్ సినిమాలో కత్తి పట్టుకున్నోడి నోట్లో తప్ప?

టీచరమ్మా, మీ ప్రశ్నకి రాసేవాళ్ళ వైపు నుంచి చెప్తా. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అని ఒక సైట్ ఉంది, 2009 నుంచి నడుస్తోంది, ప్రకటనలు ఉండవు, అభిమానులే నడుపుతారు, 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. అందులో కథ పెట్టేటప్పుడే ఇది ఎవరికి తగినది, హింస ఉందా, చావు ఉందా అని గుర్తులు పెట్టే ఏర్పాటు ఉంది, పెద్దల కథ అయితే తెరిచే ముందు ఒకసారి అడుగుతుంది. మన తెలుగు కథల యాప్‌లలో నేను పెట్టినచోట 'ప్రేమ, హాస్యం, భయానకం' అని విభాగాలు ఉన్నాయి గానీ ఇంత వివరంగా చెప్పే వీలు నాకు కనిపించలేదు. తప్పు అక్కడుంది. కాలియా బాకీల కథ పిల్లాడికి దొరికితే వాడు రెండు లైన్లు చదివి బోర్ కొట్టి వదిలేస్తాడు, భయపడాల్సింది దానికి కాదు.

కడప టీచరమ్మ:
గుర్తు ఉన్నా పిల్లలు నొక్కేస్తారమ్మా, 'నాకు పద్దెనిమిది' అని మా నాలుగో తరగతి వాడు కూడా నొక్కుతాడు. అయినా ఏమీ లేనిదానికంటే నయం. కథ పేరులో ముందే 'పెద్దలకు' అని రాయండి, బొమ్మ కార్టూన్‌ది పెట్టకండి. ఆ రెండూ చేస్తే నాకు సగం గొడవ లేదు. మిగతా సగం ఉంది. పిల్లల కోసం కట్టిన ఊళ్ళో అప్పులు, చూపు పోవడాలు, ఊరు వదిలి పోవడాలు ఎందుకు, ఇవన్నీ మన ఊళ్ళలో లేవా, మన మనుషుల పేర్లు పెట్టే రాసుకోవచ్చు కదా.

బురుజు కింద (కర్నూలు):
రాసుకోవచ్చు మేడమ్, రాసేవాళ్ళూ ఉన్నారు. కానీ సుబ్బారెడ్డి అనేవాడు బాకీ కొట్టేశాడంటే నాకేం అనిపించదు, వాడెవడో నాకు తెలీదు. కాలియా దెబ్బలు తింటుంటే చూసి నవ్వినవాణ్ణి నేను, వాడు గీత కొడితే నాకు తగులుతుంది. ఆ బరువు కొత్త పేరుతో రాదు. భీమ్ టీవీలో మొదలైంది 2008లో, అప్పుడు చూసిన పిల్లలు ఇప్పుడు ఇంటి అద్దెలు, ఈఎమ్ఐలు కడుతున్నారు, వాళ్ళతోపాటు ఢోలక్‌పూర్ కూడా పెద్దదవ్వాలనుకోవడంలో నాకేం వింత కనిపించలేదు. నేనైతే అప్పటికే ఇంటర్ దాటా, మా పిన్ని కొడుకు పక్కన కూర్చుని చూశా, అది వేరే సంగతి.

మీరు చెప్పిన ఆ రెండు మార్పులూ బాగున్నాయి. ఆ కథ రాసినాయనకి కామెంట్‌లో పెట్టా.

ఉగ్గాని బజ్జీ (అనంతపురం):
అన్నా, కామెంట్ పెట్టినావు సరే. ఆయన ఆ కథ ఐదో భాగంలో ఆపేసి ఏడాది దాటింది, కింద 'తరువాయి వచ్చే వారం' అని ఇంకా అట్లాగే ఉంది. నేనూ చదివినా. ముందు దాని సంగతి అడుగు.