పాత హారర్ సినిమాలు ఇప్పటికీ భయపెడతాయా?

ప్రశ్న:
పెద్దగా పేరు వినిపించని పాత హారర్, సస్పెన్స్ సినిమాలు బాగుంటాయని అంటుంటారు. నేను పెట్టినవన్నీ సాగతీతగా అనిపించి సగంలోనే ఆపేశాను. నిజంగా భయం పుట్టించేది ఒకటి చెప్పండి.

జవాబు:
1962లో వచ్చిన ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’. నాకు ప్రాణం ఈ సినిమా. తీసింది హెర్క్ హార్వే. బడులకు, కంపెనీలకు చిన్న ఫిల్ములు తీయడం ఆయన ఉద్యోగం. పూర్తి నిడివి సినిమా ఇదొక్కటే తీశాడు. ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ ఓ వినోదశాల కంటబడితే, దాని చుట్టూ కథ అల్లించాడు. ఖర్చు సుమారు 33 వేల డాలర్లు.

హీరోయిన్ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. సినిమా అంతటా ఆ ఆర్గనే. ఒకచోట ఆమె బట్టల దుకాణంలో ఉండగా ఉన్నట్టుండి శబ్దాలన్నీ ఆగిపోతాయి. ఎదురుగా మనుషులు తిరుగుతూనే ఉంటారు, ఆమె మాత్రం ఎవరికీ కనిపించదు, వినిపించదు. దయ్యం మీదపడే సీన్లు ఎన్ని చూసినా నాకు ఇంత వణుకు పుట్టలేదు. పైగా తెలిసిన ముఖం ఒక్కటీ ఉండదు. ఎవరికి ఏమవుతుందో అంచనా దొరకదు, ఆ టెన్షన్ పెద్ద స్టార్ల సినిమాలో రాదు.

ఇంకొకరు:
అందులో చుట్టూ ఉన్నవాళ్ల నటన పేలవం, నాకు అడ్డొచ్చింది. నా ఓటు 1942 నాటి ‘క్యాట్ పీపుల్’కి. రాత్రి ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి, వెనక అడుగుల చప్పుడు, అదీ ఆగిపోతుంది. అంతలో బుస్సుమంటూ బస్సు. అంతే! ఈతకొలను సీన్‌లోనైతే గోడల మీద నీళ్ల వెలుగు, నీడలు, ఏదో మృగం గుర్రుమన్న చప్పుడు.

మొదట జవాబిచ్చినవారు:
నటన మాట ఒప్పుకుంటాను. కానీ చుట్టూ ఉన్నవాళ్ల ఆ బిగుసుకుపోయిన మాటతీరే హీరోయిన్‌ను ఇంకా ఒంటరిని చేస్తుందని నా అభిప్రాయం. ‘క్యాట్ పీపుల్’ కూడా తప్పక చూడాల్సిందే.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. మీరు చూసిన ప్రింట్లు ఎలా ఉన్నాయి? ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’కి కాపీరైట్ రక్షణ లేకపోవడంతో నాసిరకం కాపీలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. వాటిలో నీడలన్నీ నల్లటి ముద్దలే, ఆర్గన్ గరగర. నీడల్లో ఏముందో కనిపించకపోతే సాగతీతగానే ఉంటుంది మరి. శుభ్రం చేసిన ప్రింట్ వెతికి, లైట్లు ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఫోన్‌లో మాత్రం వద్దు.