ముడుమాల్ రాతి మీద ఉన్నవి సప్తర్షులేనా, ఉత్త గుంటలేనా?

బండరాయి:
పోయిన ఆదివారం ముడుమాల్ వెళ్లొచ్చాం. హైదరాబాద్ నుంచి రాయచూరు రోడ్డులో మహబూబ్‌నగర్, మరికల్, మక్తల్ దాటి వెళ్లాలి, సుమారు 200 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో కారులో మొదలైన గొడవ ఇంటికొచ్చినా తెగలేదు. అందుకే నేను తీసిన ఫొటోతో సహా ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. నారాయణపేట జిల్లాలో కృష్ణా నది ఒడ్డున, పొలాల మధ్య పది పన్నెండు అడుగులకు పైనే ఉండే నిలువురాళ్లున్నాయి. వాటి దగ్గరే చిన్న రాళ్లు వరసలుగా పాతి ఉంటాయి. 2025 మార్చిలో వీటిని యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. అక్కడే నలుచదరపు రాయి ఒకటి నిలబెట్టి ఉంది. దాని మీద సుమారు 30 చిన్న గుంటలు తొలిచారు. ఈ చోటును ఏళ్లపాటు పరిశీలించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి. రావు గారి ప్రకారం అది సప్తర్షి మండలం, అంటే ఆకాశంలో గరిటెలా కనబడే ఏడు చుక్కల గుంపు. ప్రధానమైన ఏడు చుక్కలే కాదు, చుట్టుపక్కల చుక్కలు కూడా ఉన్నాయని, పై రెండింటినీ కలిపి గీత పొడిగిస్తే ధ్రువనక్షత్రం వైపు చూపుతుందని చెప్తారు.

నాకైతే నమ్మకం కుదరలేదు. ముప్పై గుంటలున్నచోట గరిటె ఏం ఖర్మ, గోల్కొండ కోట కూడా కనిపిస్తుంది.

తారామతి:
అన్నా, వెటకారం బాగుంది కానీ కొంచెం న్యాయంగా మాట్లాడదాం. పెద్ద నిలువురాళ్ల వరసలు సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులతో కలుస్తాయని ముడుమాల్ గురించి అంటున్నారు. కర్ణాటకలో బైసె దగ్గర ఉన్న నిలువురాళ్లలోనూ అయనాంతాల (పగలు అతి పొడవుగానో అతి పొట్టిగానో ఉండే రోజుల) సూర్యోదయ, సూర్యాస్తమయాలతో కుదిరే వరసలు పరిశోధకులకు దొరికాయి. సూర్యుణ్ని అంత శ్రద్ధగా గమనించినవాళ్లు రాత్రిపూట తల ఎత్తకుండా ఉంటారా? వాళ్లకు వీధి దీపాలు కూడా లేవు. మాకు గచ్చిబౌలిలో ఏడు చుక్కలూ ఒకేసారి కనిపిస్తే పండగే.

కూకట్‌పల్లి కోడలు:
అవి వామనగుంటలు అయ్యుండొచ్చు కదా? మా అమ్మమ్మగారి ఊరి గుడి మండపంలో బండ మీదే తొలిచి ఉండేవి, అటు ఏడు, ఇటు ఏడు. చింతపిక్కలతో ఆడేవాళ్లం. పక్కనే పులిజూదం గీతలు కూడా. వందేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి అదేదో యంత్రం అన్నా ఆశ్చర్యపోను.

తారామతి:
వదినా, ఈ రాయి నిలువుగా ఉంది. చింతపిక్కలు నిలుస్తాయా?

కూకట్‌పల్లి కోడలు:
పడుకోబెట్టి తొలిచి తర్వాత నిలబెట్టి ఉండొచ్చుగా! సర్లే, వామనగుంటలైతే రెండు వరసలుండాలి. ఫొటోలో వరస కనబడటం లేదు. ఒప్పుకుంటున్నా, ఓడిపోయా.

లెక్కల పంతులు:
ఓడిపోలేదమ్మా, పనికొచ్చే మాటే చెప్పావు. అడ్డంగా ఉన్న బండ మీద గుంట అంటే దంచడానికి, నూరడానికి, నూనె పోయడానికి, ఆడుకోవడానికి ఇలా నూరు కారణాలుంటాయి. నిలువు రాయి అనేసరికి వాటిలో చాలావరకు పోతాయి. కానీ తొలిచినప్పుడే అది నిలబడి ఉందా అన్నది ముందు తేలాలి.

ఇక లెక్క. 30 గుంటల్లోంచి ఏడింటిని ఎంచుకోవడానికి 20,35,800 మార్గాలున్నాయి. అందులో ఒక్కటైనా గరిటెలా కనబడకపోతే అదీ వింత. కాబట్టి "ఏడు దొరికాయి" అన్నది రుజువు కాదు. ఆ ఏడింటిని ఎంచుకుంటే మిగిలిపోయిన 23 గుంటల సంగతేమిటో ముందు చెప్పాలి. చుట్టుపక్కల చుక్కలు అంటే సరిపోదు. కంటికి ఆనే మసక చుక్కలు ఆకాశంలో బోలెడు, గుంటకొకటి ఎక్కడైనా దొరుకుతుంది.

రావుగారి మాట తప్పని నేననను. దాన్ని పరీక్షకు పెట్టొచ్చు అంటున్నాను. మొదటిది, కుడి ఎడమలు. గరిటె బొమ్మను కాగితం మీద ఎటు తిప్పినా అద్దంలోని గరిటె కాదు. రాతి మీద ఉన్నది అద్దంలో బొమ్మ అయితే ఆకాశాన్ని చూసి చెక్కింది కాదనుకోవాలి. రెండోది, కాంతి. ఏడుగురు ఋషుల్లో అత్రి, అంటే గరిటె గిన్నెకు కాడ అతికేచోటి చుక్క, మిగతా ఆరుగురి కంటే బాగా మసక. గుంట సైజు చుక్క కాంతిని బట్టి ఉంటే ఆ చోట చిన్న గుంట ఉండాలి. మూడోది, దిక్కు. సప్తర్షులు కనబడేది ఉత్తరాన. చూసేవాడు ఆకాశాన్నీ బొమ్మనూ ఒకేసారి పోల్చుకోవాలంటే గుంటలు రాతికి దక్షిణపు ముఖం మీద ఉండాలి. ఈ మూడూ కుదిరితే నేనే వెళ్లి కొబ్బరికాయ కొడతాను.

ఇరానీ చాయ్:
పంతులు గారు క్లాసు తీసుకున్నారు 😀

బండరాయి:
పంతులు గారూ, సిగ్గుపడుతూ చెప్తున్నా. నా ఫొటో పక్కనుంచి తీసింది. పైగా గుంటలు బాగా కనబడాలని మావాడు ఏడింటిలో మాత్రమే సుద్దముక్క రుద్దాడు. మిగతావి ఫొటోలో దాదాపు కనబడటం లేదు. బొమ్మను మేమే గీసినట్టయింది.

తారామతి:
సుద్దా! దయచేసి ఇంకెప్పుడూ చేయొద్దు. రాత్రిపూట పక్కనుంచి టార్చి వేస్తే నీడలు పడి ప్రతి గుంటా తనంతట తానే కనబడుతుంది.

పంతులు గారి మాటకు ఒకటి చేరుస్తా, ఇది మా పక్షానికే దెబ్బ. భూమి అక్షం చూపే దిక్కు నెమ్మదిగా తిరుగుతుంది, ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు. ఈ రాళ్ల వయసని కొందరు చెప్పే మూడువేల అయిదువందల ఏళ్ల కిందట ధ్రువం, అంటే ఆకాశంలో చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనబడతాయో ఆ చోటు, ఇప్పుడున్న ధ్రువనక్షత్రానికి చాలా దూరంలో ఉండేది. క్రతువు, పులహుడు (గరిటె గిన్నె అంచున ఉన్న ఆ రెండు చుక్కలు) కలిపి చూపే గీత ఇవాళ్టి ధ్రువనక్షత్రం వైపు పోతుంది, అప్పటి ధ్రువం వైపు కాదు. కాబట్టి "ధ్రువం వైపు చూపుతుంది" అన్న వాదన ఆనాటి మనిషికి వర్తించదు. మన బడి పుస్తకాల తెలివి వాళ్లకు అంటగట్టినట్టే. కానీ అదే కారణంతో అప్పట్లో సప్తర్షులు ధ్రువానికి దగ్గరగా తిరిగేవాళ్లు, మన ప్రాంతంలో ఇప్పటికంటే ఎక్కువసేపు కనబడేవాళ్లు. దాన్ని చెక్కాలన్న కోరిక కలగడంలో వింత లేదు.

ఏడుగురు ఋషులు అనే చూపు కూడా వాళ్లది కాకపోవచ్చు. మా నాయనమ్మ వాటిని మంచంకోళ్లు అనేది. నాలుగు కోళ్లు, పక్కన మూడు చుక్కలు దొంగలు.

మక్తల్ సీను:
ఇంతసేపు చదువుతున్నా, ఇప్పుడు చెప్తా. మాది అటు దగ్గరే, ఇప్పుడు మియాపూర్‌లో ఉంటున్నా. అక్కడి నిలువురాళ్లలో ఒకటి ఎల్లమ్మ తల్లి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ నడుస్తాయి. శాపం తగిలి మనుషులు రాళ్లయ్యారని చిన్నప్పుడు విన్నాం, సాయంత్రమైతే అటు పోనిచ్చేవాళ్లు కాదు. వీటిని ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు మీరంతా మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. మా తాతల నుంచీ ఉన్నాయి అన్నా అవి. పొలాలకు అడ్డం వచ్చాయని కొన్ని పీకేసింది నిజమే. గుప్తనిధులని తవ్వినవాళ్లూ ఉన్నారు. చుక్కలా కాదా అన్నది తేలేలోపు రాళ్లు మిగలాలి కదా.

బండరాయి:
సీను అన్నా, మీ వైపే ఉట్నూరు బూడిదదిబ్బ ఉంది కదా? నారాయణపేట జిల్లాదే, ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. ఈ చర్చకు అది భలే పనికొస్తుంది. దక్కనులో ఇలాంటి దిబ్బలు ఏమిటని చాలాకాలం వాదించుకున్నారు. అగ్నిపర్వతాల బూడిద అన్నవాళ్లున్నారు, లోహం కరిగించిన చిట్టెం అన్నవాళ్లున్నారు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే పశువుల దొడ్డి కంచె ఆనవాళ్లు, గిట్టల అచ్చులు బయటపడ్డాయి. దొడ్లో పేరుకున్న పేడను కాలుస్తూ పోతే మిగిలిన బూడిద అని తేలింది. దూరం నుంచి దిబ్బ ఆకారం చూసి ఎవరూ తేల్చలేదు, మట్టి చెప్పింది.

ఇక్కడా అంతే. రాయికి కార్బన్ పద్ధతిలో వయసు కట్టలేం, అది బొగ్గు, ఎముకల్లాంటివాటికే. కానీ రాయి పాతిన గుంతలో అడుగున ఉన్న మట్టికి చివరిసారి ఎండ తగిలి ఎన్నేళ్లయిందో చెప్పే పద్ధతి ఉంది. రాయిని ఎప్పుడు నిలబెట్టారో దానితో తేలుతుంది. ఏడువేల ఏళ్లని ఒకరు, మూడువేల అయిదువందలని ఒకరు వాట్సాప్‌లో పంచుకునే బాధ తప్పుతుంది.

లెక్కల పంతులు:
నిలబెట్టిన కాలం తెలిసినా గుంటల కాలం తెలిసినట్టు కాదు. భూమిలో పాతుకున్న భాగం మీద కూడా గుంటలుంటే నిలబెట్టకముందే తొలిచారని అర్థం. ముందు అది చూడమనండి.

ఇరానీ చాయ్:
ఇంతకీ ఎవరు గెలిచారు?

తారామతి:
ఇంకా టాసే పడలేదు బాబూ. డిసెంబర్ 21 తెల్లవారుజామున వెళ్దామా? చీకటి ఉండగా ఉత్తరాన సప్తర్షులు బాగా పైకి వచ్చి ఉంటారు, తర్వాత వరసల్లో సూర్యోదయమూ చూడొచ్చు. దిక్సూచి నేను తెస్తా. పంతులు గారు స్కేలు తీసుకురండి.

మక్తల్ సీను:
రండి, నేనూ వస్తా. చేలల్లో పంట ఉంటే గట్ల మీదే నడవాలి, రైతుతో నేను మాట్లాడతా. ఎల్లమ్మ తల్లి దగ్గర చెప్పులు విప్పండి. అటు దాటగానే మళ్లీ వేసుకోండి, చీకట్లో పాములుంటాయి.