అప్‌డేట్: మోదుగ మొగ్గలు రాలడం ఆగింది

శివరాత్రికి ముందు అడిగినా కదా, మా కడప ఇంట్లో మోదుగ కొమ్మలు మట్టికుండలో పెడితే రెండో రోజుకే మొగ్గలన్నీ నేలమీద ఉంటున్నాయని. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్.

"కోసిన చోట మళ్లీ కోయండి" అన్నదే పనిచేసింది. కొమ్మ తీసుకుపోయి చూపిస్తే నర్సరీ ఆయన గోరుతో గీకినాడు: ఎర్ర బంక గట్టిపడి మూసుకుపోయుంది, ఇంక నీళ్లెట్ల ఎక్కుతాయి! నీళ్లలోనే ముంచి ఏటవాలుగా అంగుళం కోసినా, కుండను ఫ్యాను కింద నుంచి జరిపినా, రోజూ నీళ్లు మార్చినా. మఖమల్ లాంటి నల్ల మొగ్గల్లోంచి చిలకముక్కుల్లా పూలు ఎర్రగా తొంగిచూస్తున్నాయి. ఈరోజుకు ఆరో రోజు.

నీళ్లలో ఆస్పిరిన్, చక్కెర వేయడం దండగ. చక్కెరకు నీళ్లు జిగటబట్టి చీమలొచ్చినాయి. కుండ మార్చాల్సిన పనీ లేకపోయింది. మామిడి కొమ్మలు పెడితే మాత్రం ఏంచేసినా పూత రాలుతానే ఉంది, దాన్ని వదిలేసినా.