ఫోన్ పాటలకీ టీవీకీ కలిపి ఒకటే జత స్పీకర్లు: ఏది చూసి కొనాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
హాలు 10 అడుగులకి 12. టీవీ 43 అంగుళాలు, గోడకి బిగించి ఉంది. అమ్మకి సీరియల్లో మాటలు అర్థం కావట్లేదు, వాల్యూం పెంచితే రేకు డబ్బాలా మోగుతోంది. ఫోన్లో పాటలు కూడా వీటిలోనే వినాలి. ఆంప్లిఫయర్ వేరేగా పెట్టడానికి చోటు లేదు. బడ్జెట్ 12 వేలు. బ్లూటూత్ ఉంటే చాలని పాతపట్నంలో షాపాయన చెప్పాడు. నిజమేనా? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కూడా నడవాలి.

జవాబు (బరంపురం):
ఫోన్‌కి చాలు, టీవీకి చాలదు మాస్టారూ. బ్లూటూత్‌లో మామూలుగా నడిచేది ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతి. శబ్దాన్ని కుదించి, పంపి, అటుపక్క విప్పేసరికి సెకనులో అయిదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. పాటకి అది తెలీదు. ఫోన్లో వీడియో యాప్‌లు ఆ ఆలస్యం లెక్కేసుకుని బొమ్మని కూడా ఆపి చూపిస్తాయి. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మకి చాలా టీవీలు అలా సర్దవు. వార్తలు చదివే ఆవిడ నోరు మూశాక మాట వినిపిస్తుంది. మెనూలో ఆడియో డిలే ఉంది కదా అంటారేమో, అది మామూలుగా శబ్దాన్ని ఇంకా వెనక్కి నెట్టేదే గానీ ముందుకి లాగేది కాదు.

అంచేత వాట్‌లు తర్వాత, ముందు టీవీ వెనక ఏ సాకెట్లున్నాయో చూడండి. దించక్కర్లేదు, ఫోన్‌ని సందులోకి దూర్చి వీడియో తియ్యండి. చిన్న చదరపు రంధ్రం, దానికో బుల్లి తలుపు ఉంటే ఆప్టికల్, అంటే శబ్దాన్ని వెలుగుగా పంపే సాకెట్. ఎచ్‌డీఎంఐ సాకెట్లలో ఒకదాని పక్కన ఆర్క్ (ARC) అని రాసుంటుంది, టీవీ శబ్దాన్ని బయటి స్పీకర్‌కి పంపేది అదే. గుండ్రటిది హెడ్‌ఫోన్ సాకెట్.

ప్రశ్న వేసినవారు:
చూశాను. ఆప్టికల్, ఆర్క్, హెడ్‌ఫోన్ మూడూ ఉన్నాయి.

జవాబు (బరంపురం):
అయితే ఎడిఫైయర్ ఆర్1280డీబీ లాంటిది చూడండి. ఆంప్లిఫయర్ ఒక పెట్టెలోనే ఉంటుంది, రెండోదానికి వైరు వెళ్తుంది. 4 అంగుళాల వూఫర్ (బేస్ పలికేది), మొత్తం 42 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి), ఆప్టికల్, బ్లూటూత్, రిమోట్. మీ గదికి ఎక్కువే. ఆర్డర్ పెట్టేటప్పుడు పేరు చివరి అక్షరం చూసుకోండి: ఆర్1280టీ అని ఇంకోటుంది, దానికి ఆప్టికల్ లేదు, బ్లూటూత్ లేదు. డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ లెక్క) రాసినవాటిని అసలు లెక్కలోకి తీసుకోకండి.

43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. స్పీకర్లు చెరోపక్కా పెడితే మధ్య నాలుగడుగులు వస్తుంది, కూర్చునే చోటు ఆరేడు అడుగుల్లో ఉంటే సరిపోతుంది. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఎత్తుకి రావాలి. కింద బల్ల మీద పెడితే ముందు అంచు కింద రబ్బరు ముక్క వేసి కాస్త పైకి వంచండి, అమ్మగారికి మాట తేటపడేది బేస్ పెంచడం వల్ల కాదు, దీనివల్ల.

జవాబు (రాయగడ):
ఒక మాట కలుపుతాను. ఆప్టికల్‌లో చాలా టీవీలు వాల్యూం కదలనివ్వవు. టీవీ రిమోట్ నొక్కినా లాభం లేదు, స్పీకర్ రిమోట్ వాడాలి. పెద్దావిడకి రెండు రిమోట్లంటే రోజూ గొడవే. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 3.5 ఎంఎం టు ఆర్‌సీఏ వైరు (ఒక కొసకి హెడ్‌ఫోన్ పిన్ను, రెండో కొసకి ఎరుపు, తెలుపు పిన్నులు) వేస్తే మామూలుగా టీవీ రిమోట్‌తోనే వాల్యూం నడుస్తుంది. స్పీకర్ నాబ్ సగానికి పెట్టి, ఇక ముట్టుకోవద్దు. కానీ అది రాగి తీగ, కేబుల్ టీవీ ఎర్త్ తేడా ఉంటే సన్నగా హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది. కేబుల్ పిన్ను బాక్స్ నుంచి ఊడదీసినప్పుడు హమ్ ఆగిందంటే కారణం అదే. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుగు కాబట్టి ఆ బాధ లేదు. ఆర్క్ ఉన్న స్పీకరైతే ఒక రిమోటే చాలు, కానీ ఈ ధరలో అలాంటివి ఎక్కువగా సౌండ్‌బార్లే.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌దా, స్క్వేర్ వేవ్‌దా? స్క్వేర్ వేవ్ అయితే కరెంటు పోయినప్పుడల్లా స్పీకర్ గుర్రుమంటుంది. అది స్పీకర్ లోపం కాదు, వెనక్కి పంపకండి.

ప్రశ్న వేసినవారు (వారం తర్వాత):
డీబీనే తెచ్చాను. బ్లూటూత్ బాగుంది. ఆప్టికల్ పెడితే ఛానెళ్లలో చప్పుడే లేదు, యూట్యూబ్‌లో మాత్రం వస్తోంది.

జవాబు (బరంపురం):
యూట్యూబ్ వస్తోందంటే కేబుల్ బాగానే ఉంది. (అసలేమీ రాకపోతే కేబుల్ కొసలకి ఉండే ప్లాస్టిక్ తొడుగులు తీశారా అని అడిగేవాణ్ణి. కొత్త కేబుల్‌కి గాజులా కనబడుతుంది, చాలామంది తియ్యరు.) ఛానెల్ శబ్దం డాల్బీ అనే కుదించిన రూపంలో వస్తోంది, ఈ స్పీకర్‌కి డాల్బీ విప్పడం రాదు. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ ఆటో అని ఉంటుంది, పీసీఎం (కుదించని మామూలు శబ్దం) చెయ్యండి. అప్పటికీ రాకపోతే సెట్‌టాప్ బాక్స్ ఆడియో సెట్టింగ్‌లో డాల్బీ తీసేసి స్టీరియో పెట్టండి.

ప్రశ్న వేసినవారు:
పీసీఎం చేశాక వచ్చింది. ఫోన్ మాత్రం ఇప్పుడు కలవట్లేదు.

జవాబు (రాయగడ):
షాపాయన మాట విని ముందు టీవీని బ్లూటూత్‌లో కలిపి ఉంటారు. టీవీ వేసినప్పుడల్లా అదే స్పీకర్‌ని పట్టేసుకుంటుంది. టీవీ బ్లూటూత్ జాబితాలోంచి స్పీకర్ పేరు తీసెయ్యండి, స్పీకర్ రిమోట్లో బ్లూటూత్ ఇన్‌పుట్ నొక్కి ఫోన్ కలపండి. సీరియల్ టైముకి మళ్లీ ఆప్టికల్ నొక్కాలి.