పద్నాలుగేళ్ల పిల్లవాడిని పెద్దల లీగులో ఆడించవచ్చా? (బార్బడోస్ పద్ధతి గురించి)

బ్రాడీపేట తండ్రి:
మా అబ్బాయి గుంటూరులో క్రికెట్ శిక్షణ పొందుతున్నాడు. ఏడాదంతా నెట్స్‌లో (వలల మధ్య) సాధనే గాని, వాడి వయసు వారికి మ్యాచ్‌లు సెలవుల్లో తప్ప దొరకవు. వెస్టిండీస్‌లోని బార్బడోస్ ద్వీపంలో హారిసన్ కాలేజీ, లాడ్జ్ వంటి పాఠశాలల జట్లు ఒకప్పుడు లీగులో అగ్రశ్రేణి అయిన మొదటి డివిజన్‌లోనే పెద్దల క్లబ్బులతో తలపడేవని చదివాను. ఇక్కడి ఒక క్లబ్బు మా వాడిని ఆదివారం మ్యాచ్‌లకు పంపమని అడుగుతోంది. పంపమంటారా?

కృష్ణలంక స్కోరర్:
మీరు చదివినది నిజమే, అయితే అది సగం కథే. తర్వాత వెస్టిండీస్‌కు ఆడిన బ్యాటర్ క్లైడ్ వాల్కాట్ హారిసన్ కాలేజీలో చదువుతూనే 1942లో పదహారేళ్లకు బార్బడోస్ జట్టులో ఆడారు. కానీ ఆ చదువు అందరికీ అందేది కాదు, క్లబ్బులూ రంగును, వర్గాన్ని చూసే సభ్యత్వం ఇచ్చేవి. మరో వెస్టిండీస్ బ్యాటర్ ఎవర్టన్ వీక్స్ ఇల్లు టెస్టు మైదానమైన కెన్సింగ్టన్ ఓవల్‌కు దగ్గరే అయినా, అక్కడి పిక్‌విక్ క్లబ్బు తెల్లవారిది కావడంతో ఆయనకు అందులో చోటు లేకపోయింది. పల్లెల్లోని శ్రామికుల జట్ల కోసం 1930లలో మిచీ హ్యూయిట్ మొదలుపెట్టిన బార్బడోస్ క్రికెట్ లీగే ఆయనకు దారి చూపింది. వెస్టిండీస్ ఆల్‌రౌండర్ గార్ఫీల్డ్ సోబర్స్‌ది మరో విచిత్రం: పోలీసు జట్టులో ఆడేందుకు వీలుగా ఆయనను పోలీసు బ్యాండులో బ్యూగిల్ ఊదే పనిలో పెట్టారు. 1953లో, పదహారేళ్లకే, మన భారత జట్టుపైనే బార్బడోస్ తరఫున తొలి మ్యాచ్ ఆడారు.

పటమట కోచ్:
హారిసన్ కాలేజీ కుర్రాళ్లు పదకొండు మందీ ఒక జట్టుగా పెద్దల మీదికి వెళ్లేవారు, కాబట్టి ఓపెనింగూ వారిదే, కొత్త బంతీ వారిదే. మీ అబ్బాయి ఒంటరిగా వెళ్తే తొమ్మిదో స్థానంలో బ్యాటింగ్ ఇచ్చి, రోజంతా బౌండరీ దగ్గర నిలబెట్టే ప్రమాదం ఉంది. మన ఎండలో అది శిక్షణ కాదు, శిక్ష. దూరం సంగతీ చూడండి. ఆ ద్వీపం పొడవు దాదాపు 34 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు విజయవాడ నుంచి గుంటూరుకున్నంత, కనుక ఏ మూల ఆడినా పిల్లవాడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు; ఇక్కడ ఆ హామీ లేదు. ఇక మీ వాడు ఫాస్ట్ బౌలరైతే, ఎదిగే వయసులో అతిగా బౌలింగ్ చేయడం వల్ల వెన్నెముకలో పగుళ్లు వస్తాయి గనుక, ఓవర్ల పరిమితిని కెప్టెన్‌తో ముందే ఒప్పించుకోండి. హెల్మెట్ లేనిదే క్రీజులోకి పంపవద్దు.

బ్రాడీపేట తండ్రి:
ధన్యవాదాలు. వాడు ఎడమచేతి స్పిన్నర్, కాబట్టి వెన్ను గురించిన భయం కొంత తక్కువ. వాడి పాఠశాల నుంచి నలుగురైదుగురిని కలిపి తీసుకుంటారేమో క్లబ్బును అడుగుతాను. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి పంపను.